పాండురంగం అక్షరాలు

సీతాబాయి ఎవరినైనా క్షమించిందని ఆమెను ఎరిగినవాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. తిరుమలగిరి దగ్గరి తండాలో పుట్టి, సూర్యాపేటలో చదువుకొని, మిర్యాలగూడలో పేరు తెచ్చుకొని, కోదాడలో ఆ పేరును పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆమె రాసిన ప్రోగ్రాం మంచిది. గొప్పదనడానికి తొందర లేదు. ఆమె పగ మాత్రం పూర్తయింది. మనుషులు తలపెట్టిన పనుల్లో పూర్తయ్యేవి తక్కువ గనుక, అది ఎట్లా పూర్తయిందో చెప్పుకోవడంలో తప్పు లేదు.

ఎనభైల నడుమ ఆమె సూర్యాపేట కాలేజీలో లెక్కలు చదువుతూ, మధ్యాహ్నాలు పాండురంగం ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేది. పాండురంగం ముసలి కంపోజిటరు. వేళ్ళు నల్లబడి, దగ్గు ముదిరి, మాట పొదుపైన మనిషి. ఆ కాలపు ప్రెస్సుల మధ్య ఒక ఆచారం ఉండేది. తెలుగులో ఏ కార్డు కూర్చినా ఏదో ఒక వత్తు సగంలో అయిపోయేది. పెండ్లిళ్ళ కాలంలో లక్ష్ములు ఎక్కువై మకారపు వత్తుకు కరువొచ్చేది. అప్పుడు రేకు డబ్బా పట్టుకొని పక్క ప్రెస్సుకు పోవాలి. పక్కవాడు ఎంత పోటీదారుడైనా డబ్బా నింపి పంపాలి. వాడుకొని, కడిగి, తిరిగి ఇచ్చే మాట మీద తెచ్చుకునే ఆ పద్ధతిని బదులు అనేవారు.

మొదటిసారి డబ్బాతో పోయివచ్చిన రోజున సీతాబాయి మూతి ముడుచుకొని కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు పాండురంగం.

"ఇచ్చిండు సార్. ఇచ్చుకుంట మొఖం గంత మాడ్చుకున్నడు."

"అక్షరం ఆయనది కాదు, ఊరిది. మొఖం మాత్రం ఆయనదే. ఎట్లన్న పెట్టుకోనియ్యి."

బదులుకు ఒకటే కట్టడి. అక్షరం అరిగితే తప్పు లేదు. విరిగితే, విరిగిందని చెప్పి ఇచ్చినా తప్పు లేదు. విరిగినదాన్ని తెలిసీ చెప్పకుండా డబ్బాలో కలిపి ఇచ్చినవాడికి మాత్రం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏ ప్రెస్సులోనూ మళ్ళీ బదులు ఉండదు. దాచి కలిపిన అక్షరం దాచినవాడి పనిలో బయటపడదు. ఎక్కడో, ఏమీ ఎరగని మరొకడి కాగితం మీద బయటపడుతుంది. ఈ కట్టడిని ఎవరూ రాసిపెట్టలేదు. అయినా అది పంచాయితీ తీర్పు కంటే గట్టిగా నడిచేది.

తొంభైల మొదట్లో కంప్యూటర్లు వచ్చాయి. మిర్యాలగూడలో మిల్లు కుటుంబానికి చెందిన రామ్మూర్తి, మిల్లు అన్న చేతిలోకి పోగా, కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే దుకాణం తెరిచి సీతాబాయిని జీతానికి పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో పుటలను చక్కగా కూర్చే ప్రోగ్రాం ఒకటి యూనివర్సిటీల్లో ఫ్లాపీల మీద చేతులు మారుతుండేది. దాన్ని రాసినవాళ్ళు దాని సోర్సును, అంటే యంత్రానికి తాము రాసిన ఆదేశాలన్నిటినీ, దాచకుండా అందరి ముందూ పెట్టారు. దానికి తెలుగు రాదు. పైగా ప్రతి పుటకూ దానికి ఏవేవో ఆజ్ఞలు రాసిస్తే తప్ప కదలదు. సీతాబాయి దాని మీద ఒక ఎడిటర్ రాసింది. ఒక పక్క తెలుగు కొడుతుంటే మరో పక్క పుట కనిపిస్తుంది. ఆజ్ఞల సంగతి అదే చూసుకుంటుంది. సీసపు అక్షరాల పెట్టెలోని గూళ్ళను తలుచుకొని దానికి గూడు అని పేరు పెట్టింది.

అక్షరాల రూపాలు పాండురంగానివి. తన పెట్టెలో మిగిలిన మేలైన అచ్చుల నుంచి శుభ్రమైన ప్రూఫులు తీసి ఇచ్చాడు. అరిగిపోయిన వాటిని చేయి వణుకుతున్నా కలంతో దిద్ది ఇచ్చాడు. ఆమె ఆ వంపులను ఒక్కొక్కటిగా తెర మీదికి ఎక్కించింది.

గూడును ఆమె ఎవరికీ అమ్మలేదు. అడిగిన ప్రెస్సుకల్లా సోర్సుతో సహా ఫ్లాపీ ఇచ్చింది. సరిచేసుకున్నవాళ్ళు ఆ సవరణను తిరిగి తనకు పంపాలన్నది ఒక్కటే షరతు. రేకు డబ్బా ఆచారమే అది. సూర్యాపేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఆండాలు, పంక్తి చివర అక్షరం ఒక దిక్కూ వత్తు ఒక దిక్కూ పోయే జబ్బును నయం చేసి పంపింది. కోదాడ ప్రెస్సు సైదయ్యకు ప్రోగ్రాం రాయడం రాదు. ఫిర్యాదు చేయడం వచ్చు. వారానికోసారి ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడేవాడు.

"సీతమ్మా, నీ గూట్లో కార్డు నడిమధ్యన కూర్చోవట్లేదమ్మా. అలిగిన అల్లుడి లాగ మూలకు జరిగి కూర్చుంటుంది."

"జర ఓపిక పట్టు సైదన్నా. బతిమిలాడి నడుమ కూసోబెడ్త."

"బతిమిలాడేదేంది, పీటేసి కూర్చోబెట్టు."

గూడు తెరవగానే ముందు పేర్లు కనిపించేవి. పాండురంగం పేరు మొదట. తర్వాత సవరించినవాళ్ళవి, ఫిర్యాదు చేసినవాళ్ళవి. ఫిర్యాదును కూడా సవరణగా లెక్కించడం ఆమె చేసిన న్యాయాల్లో ఒకటి. అటువంటివి ఆమె జీవితంలో ఎక్కువ లేవు.

అట్లా కొన్నేళ్ళు గడిచాక, ఒక ఉదయం ఆమె దుకాణంలో అడుగుపెట్టేసరికి రామ్మూర్తి ఒక గిరాకీకి అగ్గిపెట్టె అంత ప్లాస్టిక్ ముక్క చూపిస్తున్నాడు. దాన్ని కంప్యూటర్ వెనక, ప్రింటర్ తీగ తగిలించే చోట గుచ్చితేనే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. దాన్ని అతడు తాళం అంటున్నాడు. తెర మీద ఉన్నది గూడే. పేరు వేరు. ముందు కనిపించవలసిన పేర్లు లేవు. ఆ చోట రామ్మూర్తి దుకాణం పేరు, దాని చుట్టూ తీగల అంచు.

"పేర్లేవి సేటూ?"

"ఏ పేర్లు?"

"పాండురంగం సారు పేరు. సైదన్నది. ఆండాలుది."

"పేర్లతోని కార్డు అచ్చయితదా ఏంది? కంప్యూటర్ నాది, కరెంటు నాది, కుర్చీ నాది. నువ్వు కూసున్నవు, రాసినవు, జీతం తీస్కున్నవు. అయిపాయె."

"అక్షరాలు నీవి కావు గద."

"ఊరికే ఇచ్చేదాన్ని ఎవడన్న ఖాతరు చేస్తడా సీతాబాయ్? తాళం పడ్డంకనే అది సొమ్మయితది. గోదాములు నడిపినోళ్ళం, మాకు తెల్వదా?"

ఈ మాటలో తెలివి లేదని అనలేం. లోకంలో సగం ఈ తెలివి మీదనే నడుస్తున్నది. కాని ధాన్యానికి తాళం వేసినవాడు తాను కొన్న ధాన్యానికే వేస్తాడు; రామ్మూర్తి ఊరి ధాన్యాన్ని తన గోదాములో పోయించుకొని ఆ ఊరివాళ్ళకే తిరిగి అమ్మబోయాడు. పైగా ఆ తాళం ప్రోగ్రాంతో ఆగలేదు. అందులో కూర్చిన కార్డు ఏదైనా తాళం ఉన్నచోటనే తెరుచుకునేది. మిర్యాలగూడలో కొట్టించిన పాఠాన్ని గిరాకీ కోదాడకు తెస్తే, కోదాడ ప్రెస్సు కూడా తాళం కొనుక్కోవలసిందే.

సీతాబాయి ఆ పూటే కొలువు వదిలి సూర్యాపేట బస్సెక్కింది. పాండురంగం అప్పటికి మంచం పట్టి ఉన్నాడు. జరిగిందంతా విన్నాడు. చాలాసేపు దగ్గి, గోడ వైపు తిరిగి అన్నాడు:

"సేటు కాడ నా అక్షరాలు బదులున్నయి. వాపసు పట్టుకరా."

వానలు పడకముందే పోయాడు. మృత్యువు దగ్గరి మనిషి మాట పొట్టిగా ఉంటుంది. మిగిలినదాన్ని విన్నవాళ్ళు తమకు కావలసినట్టు పూరించుకుంటారు. ఆయన నవ్వులాటకే అన్నాడేమో. సీతాబాయి దాన్ని ఆజ్ఞగా తీసుకుంది. ఇక ఆమె బతుకులో వేరే పని లేదు: రామ్మూర్తి తుడిచేసిన పేరును రామ్మూర్తి చేతనే కక్కించాలి.

ఆమె సూర్యాపేట బస్టాండు దగ్గర చిన్న కార్డుల దుకాణం పెట్టుకొని గూడును మెరుగుపరుస్తూనే వచ్చింది. ప్రతి కొత్త గూడునూ రామ్మూర్తి ఎవరో ప్రెస్సువాళ్ళ చేత తెప్పించుకొని, హైదరాబాదు నుంచి పిలిపించిన మనిషి చేత పేర్లు తీయించి, తాళం బిగించి అమ్మేవాడు. ఆ మనిషి సోర్సును చదవడని, నడిచే ప్రోగ్రాంలోనే తాళం తగిలించే చోటు వెతుక్కొని అంతవరకే ముట్టుకుంటాడని ఆమె కొద్ది నెలల్లోనే కనిపెట్టింది. శత్రువు ఆమె చేతి ముద్దే తినడానికి అలవాటు పడ్డాడు. అటువంటి శత్రువుకు ఏం పెట్టాలన్నది ఒకటే మిగిలింది.

మిర్యాలగూడ మిల్లర్లు ఏటా కోతల తర్వాత సభ పెట్టుకొని ఒక సంచిక వేస్తారు. అందులో ప్రతి పుటా ఒక మిల్లు ప్రకటన. ప్రతి ప్రకటనకూ అట్టడుగు పంక్తిలో యజమాని పేరు. సంచిక పని రామ్మూర్తిది. సీతాబాయి కొత్త గూడులో ఒక మాటు పెట్టింది: వెనక తాళం గుచ్చి ఉన్నట్టయితే, సభ జరిగే ఆ వారంలో మాత్రం, ప్రతి పుటలోనూ చివరి పంక్తి తెర మీద కనిపిస్తుంది, కాగితం మీద పడదు. ప్రూఫులన్నీ ముగిసి తుది అచ్చు తీసే వారం అది. పేరుకు పేరు.

ఆ మాటును ఆండాలు చదివితే ఒప్పుకోదని ఆమెకు తెలుసు. అందుకని ఆ ఒక్క ముక్కను సోర్సు ఫ్లాపీలో పెట్టలేదు. నడిచే ప్రోగ్రాంలోనే కలిపేసింది. అది మొదలు గూడులో ఎవరికీ చూపని అర ఒకటి ఏర్పడింది. రామ్మూర్తి తాళం అందరికీ కనిపించేది. ఆమె వేసినది కనిపించదు. ద్వేషం చాలాకాలం ఒకే మనిషిని చూస్తూ కూర్చుంటే ఆ మనిషి పద్ధతులే దాని చేతికి వస్తాయి. సీతాబాయి దానికి మినహాయింపు కాదు.

మాటు పేలింది. సభలో సంచిక పంచాక మిల్లర్లు తమ తమ పుటలు తిప్పి చూసుకొని లేచి నిలబడ్డారట. "మిల్లున్నది, బియ్యం బస్తా బొమ్మున్నది, నేనేడికి పోయిన్రా?" అని ఒక పెద్దమనిషి రామ్మూర్తి కాలరు పట్టుకున్నాడట. రామ్మూర్తి సొంత అన్న పేరు కూడా పడలేదు. వార్త సూర్యాపేట చేరిన ఉదయం సీతాబాయి పక్క దుకాణాలన్నిటికీ మిర్చి బజ్జీలు తెప్పించింది. తర్వాత ఆ వార్తను సైదయ్యకు ఎదురుగా చెప్పి ఆయన నవ్వు చూడాలని కోదాడ బస్సెక్కింది.

సైదయ్య ప్రెస్సు ముందు ఒక ముసలామె నిలబడి ఉంది. గరిడేపల్లి రుక్కమ్మ. తెల్లచీర, చేతిలో నలిగిన కార్డు. ఆమె గొంతు వీధి చివరి దాకా వినిపిస్తున్నది.

"ఏంరా సైదయ్యా, నా మొగుడేం పాపం చేసిండురా నీకు? పెద్దకర్మ ఏడనో కార్డుల ఎయ్యకపోతివి. నా ఆడిబిడ్డలు, నా తోడికోడలి పుట్టింటోళ్ళు అందరు ఎప్పటి లెక్కనే వాడపల్లి సంగమం కాడికి పోయిండ్రు. ఎండల నదొడ్డున కూసొని మాకోసం సూసిండ్రు. గీడ గరిడేపల్లిల ఇస్తరాకులు ఏసుకొని మేం వాళ్ళకోసం సూసినం. బంతికి మనిషి లేడు. వండిన కూడు పశువులకు పోస్తిమి గదరా!"

సైదయ్య చేతులు జోడించి నిలబడ్డాడు. "తప్పైంది పెద్దమ్మా. నేనే చూసుకోలేదు."

చూసుకోకపోవడానికి కారణం ఉంది. చావు కార్డును ఇక్కడ ఎవరూ రెండోసారి చదవరు. వచ్చిన ఇంట్లో గడప బయటే చదివి చింపేస్తారు. ప్రెస్సులో కూడా దానికి ఒక్కటే ప్రూఫు, అదీ తెర మీద. అచ్చయిన కాగితాన్ని కట్ట కట్టి వెంటనే పంపేస్తారు, నమూనాకని ఒక్కటి కూడా ఉంచుకోరు. కర్మ జరిగే చోటు కార్డు అట్టడుగు పంక్తిలో ఉంటుంది.

రుక్కమ్మ వెళ్ళాక సీతాబాయి అడిగింది, "సైదన్నా, నీ కాడ తాళం లేదు గద?"

"నాది కాదు. పెంటయ్యది. రుక్కమ్మ వాళ్ళ అల్లుడు పాఠం మిర్యాలగూడలో కొట్టించుకొచ్చాడు, తాళం లేనిదే తెరుచుకోలేదు. పెంటయ్య ప్రెస్సుకు పోయి బదులు తెచ్చుకున్నా." జేబులోంచి ప్లాస్టిక్ ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "కోదాడలో ఉన్నది ఇదొక్కటే. ప్రెస్సులన్నీ తిరుగుతుంది. డబ్బా లాగ."

తాళం ఉన్నచోటల్లా రామ్మూర్తో, అతనికి డబ్బిచ్చి కొన్నవాడో ఉంటాడని ఆమె లెక్క వేసింది. డబ్బాతో వీధులు తిరిగి పెరిగిన మనిషికి, తాళం కూడా బదులు పోతుందన్న సంగతి తట్టలేదు. పగలో పడి ఆమె మరిచింది అదొక్కటే.

చెప్పకుండా ఉండగలిగేది. సైదయ్యకు అనుమానం లేదు. నింద ఆయన తన నెత్తిన వేసుకున్నాడు కూడా. ఆమె నిలబడే చెప్పింది: మాటు సంగతి, వారం సంగతి, ఆండాలుకు చూపని ముక్క సంగతి. కన్నీళ్ళు పెట్టుకోలేదు, క్షమించమని అడగలేదు. ఆమెకు ఎట్లా ఇవ్వాలో తెలియనిదాన్ని ఇతరుల దగ్గర అడగడం కూడా ఆమెకు రాదు.

సైదయ్య ఆ ప్లాస్టిక్ ముక్కను వేలితో బల్ల అవతలికి నెట్టాడు.

"సేటు మీద నాకూ మంటే సీతమ్మా. మిల్లర్ల సంగతి వింటే నవ్వొస్తుంది. కాని నువ్వు విరిగిన అక్షరం కలిపి ఇచ్చావు. తెలిసి కలిపావు."

"ఔను."

"ఇంకేం చెప్పాలి నేను? పాండురంగం గారు ఉంటే ఏమనేవారో నీకు తెల్సు."

"తెల్సు. ఇగ నాకు బదులు పుట్టది."

"నీ చేతి ఫ్లాపీ నేను తీసుకోను. పెంటయ్యకు చెప్తాను, సూర్యాపేటకు చెప్తాను. గూడును ఆండాలమ్మ చూసుకుంటుంది."

"పేరు గూడ తీస్తరా?"

"కలిపినోడి పేరు డబ్బా మీద ఉండదు."

ఆమె తలూపింది. తనను వెలివేసిన కట్టడి మీద ఆమెకు కోపం రాలేదు. అంతకు ముందూ తర్వాతా ఆమె తలవంచిన న్యాయం అదొక్కటే. కాని వెళ్ళే ముందు గుమ్మం దగ్గర ఆగి అన్నది, "సేటు సంగతి ఇంక ఖతం కాలే సైదన్నా. ఈపారి తలుపు తెరిసే కొడ్త."

ఆండాలు దగ్గరికి ఆమె రెండు పనులు తీసుకొని పోయింది. ఒకటి, మాటును పెరికేసిన సోర్సు మొత్తం. రెండోది, దాచవలసిన అవసరమే లేని కొత్త రాత: రామ్మూర్తి ప్రోగ్రాంలో కూర్చిన కార్డులన్నిటినీ తాళం లేకుండానే గూడులో తెరిచే పని. ఆండాలు ప్రతి పంక్తినీ చదివింది. అనుమానం వచ్చినచోట వేలు పెట్టి అడిగింది. సీతాబాయి పరీక్ష రాస్తున్న పిల్లలాగా జవాబు చెప్పింది. వారాల తర్వాత ఆండాలు దాన్ని తన చేతి మీదుగా మూడు ఊళ్ళకూ పంచింది. మొదటి తెర మీద సీతాబాయి పేరు లేదు.

ఏడాది తిరగకముందే రామ్మూర్తి తాళాలు ప్రెస్సు కిటికీల్లో కాగితాలు ఎగరకుండా పెట్టే బరువులయ్యాయి. హైదరాబాదు మనిషి రావడం మానేశాడు. మిల్లర్ల సంచిక కోదాడకు పోయింది. సైదయ్య గూడులో కూర్చి, యజమానుల పేర్లను పెద్దక్షరాల్లో వేసి ఇచ్చాడు. రుక్కమ్మ ఇంటి సంవత్సరీకం కార్డు మాత్రం సీతాబాయి అడిగి తన దుకాణానికి తెచ్చుకుంది. అచ్చయిన కార్డును రుక్కమ్మ ఎదుట పైకి రెండుసార్లు చదివింది. అశుభమని పక్కవాళ్ళు గొణిగారు. రుక్కమ్మ విని, "ఇప్పుడు పడ్డది," అని మాత్రం అన్నది. నిజమెరిగినా ఆమె అంతకంటే ఇచ్చేది కాదేమో.

శతాబ్దం చివరి వేసవిలో రామ్మూర్తి సూర్యాపేట బస్టాండు దగ్గరి దుకాణానికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. పాత కంప్యూటర్ పాడయింది. ఏళ్ళ తరబడి కూర్చినవి ఫ్లాపీల్లో ఉన్నాయి. తన ప్రోగ్రాం కొత్త యంత్రం మీద లేవడం లేదు. గూడు కావాలి. మిర్యాలగూడలో అడిగితే లేదన్నారు, కోదాడలో అడిగితే పేరు విని మాట మార్చారు.

"పాత సంగతులు ఇడిసిపెట్టు సీతాబాయ్. ఒక్క ఫ్లాపీ. నీకేం పోతది?"

ఆమె తన కంప్యూటర్ మీద గూడు తెరిచి తెరను అతని వైపు తిప్పింది.

"సదువు."

"ఏం సదవాలె?"

"పైకి సదువు సేటూ. ఇనబడేటట్టు."

రామ్మూర్తి అటూ ఇటూ చూశాడు. దుకాణంలో కార్డులు ఎంచుకుంటున్న పెండ్లివారు తలెత్తి చూస్తున్నారు. గొంతు సవరించుకొని చదివాడు. "అక్షరాలు: పాండురంగం, సూర్యాపేట."

"ఇంకోసారి."

"పాండురంగం, సూర్యాపేట." ఆ కిందివి కూడా చదివాడు: ఆండాలు, సైదయ్య, పెంటయ్య, ఎవరెవరో. చివరికి చేరి ఆగాడు. మళ్ళీ పైనుంచి కిందికి చూశాడు. "నీ పేరేది?"

"గా సంచిక ఆగం చేసింది నేనే సేటూ. విరగ్గొట్టినోళ్ళ పేర్లు గీడ ఉండయి. నీది లేదు, నాది లేదు."

 కోపం రావలసినచోట రామ్మూర్తికి ముందు ఆశ్చర్యం వచ్చినట్టుంది. "మరి నువ్వెట్ల వాడుతున్నవ్?"

"ఆండాలు ఇచ్చింది, వాడుకునేతందుకు. ఇంకొకలకు ఇచ్చే హక్కు నాకు లేదు. ఉన్నా నీకియ్యను."

"ఎవల్నడగాలె మరి?"

"కోదాడ పో. సైదన్న గడపల నిలవడి, ఏం చేసినవో నీ నోటితోని చెప్పు. నేను చెప్పిన. నాకే బదులు పుట్టలే, నీకు పుడతదో లేదో సూస్కో. బస్సు గాడ ఆగుతది."

అతడు ఫ్లాపీల సంచి చంకన పెట్టుకొని మెట్లు దిగాడు. ఎండలో కాసేపు నిలబడి, కోదాడ బస్సు ఎక్కకుండా మిర్యాలగూడ బస్సే ఎక్కాడు. ఆ బస్సు మలుపు తిరిగేదాకా సీతాబాయి చూసింది. తర్వాత పెండ్లివారి వైపు తిరిగి, పెండ్లికూతురి పేరు చెప్పమని, ఈసారి కొంచెం నెమ్మదిగా చెప్పమని అడిగింది.